మా ఆయన చెప్పుల సరదా

పింఛను పుచ్చుకునే మొగుళ్ళందరూ ఏదో ఒకటి చేస్తారు. పక్క వాటాలో దేశ్‌పాండే గారు కుండీల్లో వంకాయలు పెంచుతాడు. కింద పాటిల్ గారు రంకాళా చెరువు గట్టు మీద కూర్చుని పొద్దుగూకేదాకా ప్రభుత్వాన్ని తిడతాడు. మా ఆయన దినకర్ సాత్పుతే మాత్రం తోలు కోస్తాడు. ఎందుకయ్యా అంటే హాబీ అంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

చక్కెర మిల్లులో గుమాస్తాగా ఉన్నన్నాళ్ళూ ఆ మనిషి ఇంట్లో ఒక మేకు కొట్టి ఎరగడు. ఫ్యాను తిరగకపోతే "ఎవర్నైనా పిలు" అనేవాడు. అలాంటివాడు ఉద్యోగం దిగిన ఎండాకాలంలో పూనా వెళ్ళి, ఎవరో కుర్రకారు నడిపే తోలుపని తరగతిలో డబ్బు కట్టి చేరాడు. సంచీ నిండా సామానుతో తిరిగొచ్చాడు. తోలుకి బెజ్జాలు పొడిచే ఆరెలు, అంచు గీకే ఉలి, కుట్ల దూరం గుర్తు పెట్టే పళ్ళ చక్రం, మైనం పట్టించిన రంగు దారాలు. ఆయన పుట్టిన ఇంట్లో గోడ నిండా ఆరెలే వేలాడేవి. అవి తప్పించుకుని గుమాస్తా అయ్యి, మళ్ళీ వాటినే కొనుక్కొచ్చాడు!

మేమిద్దరం చెప్పులు కుట్టేవాళ్ళ వాడల్లో పుట్టినవాళ్ళమే. ఆయనది ఈ కొల్హాపూర్‌లోనే, నాది పక్కనున్న కాగల్‌లో. మా మామగారు కొడుకుని ఆరె ముట్టనిచ్చేవాడు కాదు. ముట్టుకుంటే పట్టీతో చేతి మీద ఒక్కటిచ్చి పుస్తకం పట్టుకోమనేవాడు. నన్ను మాత్రం ఎవరూ కొట్టలేదు, బడి నుంచి రాగానే ఒళ్ళో తడి తోలు పోగులు పడేసేవారు. మా పనిలో కొయ్యడం, కుట్టడం మగవాళ్ళది. చెప్పు మీద వచ్చే జడ అల్లడం ఆడవాళ్ళది. పోగుల కొస కాలి బొటనవేలికి తగిలించుకుని, లాగి లాగి అల్లితే చేతివేళ్ళ సందులు కోసుకుపోయేవి. పెళ్ళయి గుమాస్తా ఇంటికి వచ్చిన రోజున, ఇక ఈ జన్మలో తోలు ముట్టనని అనుకున్నాను. ముట్టలేదు కూడా.

ఇప్పుడేమో స్నానానికి వెళితే బకెట్లో గేదె తోలు నానుతోంది.

మొదట పర్సులు చేశాడు. తర్వాత కళ్ళజోడు పెట్టెలు, తాళం చెవుల గుత్తులు, టీవీ రిమోట్‌కి చొక్కా. అంచులు నున్నగా రావాలని నా అప్పడాల కర్రతో రుద్దాడు. దాంతో చపాతీ పిండికీ తోలు ఊరబెట్టే తుమ్మచెక్క కంపు పట్టింది. వెల్లుల్లి దంచే బండ తోలు సాగగొట్టడానికి పోయింది. అదేమని అడిగితే, "కడిగేస్తే పోతుందిలే ఇందూ" అంటాడు. కడిగేది ఎవరట?

పైగా ఊళ్ళో పొగడ్తలు. పై అంతస్తులో ఉండే పెద్దావిడ జోషీ కాకూ పర్సు ఒకటి అందుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని మురిసిపోయింది.

"ఎంత కళ ఉందమ్మా మీ వారి చేతిలో! ఈ తోలు వాసనే వేరు కదూ!"

"మా నాన్న చేసినప్పుడు దీన్ని కంపు అనేవాళ్ళు కాకూ" అన్నాను.

ఆవిడకి అర్జెంటుగా పాలు పొంగిపోతున్నాయని గుర్తొచ్చింది. మా ఆయన ఆ పూటంతా నాతో మాట్లాడలేదు. నాకూ ఆ పూట హాయిగానే గడిచింది.

అసలు గొడవ మా తమ్ముడు నామ్‌దేవ్ కూతురి పెళ్ళి కుదిరాక మొదలైంది. పెళ్ళి కాగల్‌లో. ఒకరోజు మా ఆయన కాగితం పరిచి, "దీని మీద నిలబడు" అన్నాడు.

"ఎందుకు?"

"నీ కాలి కొలత కావాలి. ఆర్తి పెళ్ళికి నువ్వు నేను చేసిన చెప్పులే వేసుకోవాలి."

పర్సు అయితే చీర మడతలో దాచుకోవచ్చు, చెప్పులు ఎక్కడ దాచను? మా వాడలో ముఖం చూసి పలకరించడం తర్వాత, ముందు కాళ్ళు చూస్తారు. ఎవరు కోశారు, ఎవరు కుట్టారు, ఎక్కడ కక్కుర్తి పడ్డారు, గుమ్మం దాటకముందే తేల్చేస్తారు. గుమాస్తా పెళ్ళాంగా నేను తల ఎత్తుకుని వెళ్ళే పుట్టింటికి ఈ మనిషి ప్రయోగాలు తొడుక్కుని వెళ్ళమంటాడా? వద్దందామా అంటే, ఇన్నాళ్ళకి నా కోసమంటూ మొదలుపెట్టిన మొదటి పని. ఆ ముఖం చూస్తూ వద్దని ఎలా అనను? నిలబడ్డాను. చక్కిలిగింతలు పెడుతూ పెన్సిలుతో గీశాడు.

నిజం చెప్పొద్దూ, అడుగు బాగానే వచ్చింది. రెండు పొరలు అతికించి, మేకన్నది లేకుండా తోలు దారంతోనే కుట్టాడు. పక్కల నుంచి పట్టీని పట్టుకునే చెవులు కూడా సరిగ్గా కూర్చున్నాయి. ఇక జడ మిగిలింది. ఆయన సన్నగా కోసిన మేకతోలు పోగులు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏమే..."

"అననే అనొద్దు."

"ఒక్క జత. నీకు చిటికెలో పని."

"నాకిచ్చే బహుమతికి నేనే చాకిరీ చెయ్యాలా? పెళ్ళాం కోసం వండానని చెప్పి, ఆ పెళ్ళాం చేతే పొయ్యి ఊదించినట్టుంది మీ వరస!"

"జడ ఆడవాళ్ళే కదా అల్లేది?"

"ఆడవాళ్ళు కాదు, గతిలేనివాళ్ళు. మీకు సరదా కదా, మీరే అల్లుకోండి."

అల్లుకున్నాడు. నెల తిరిగేదాకా హాల్లో, బాల్కనీలో, టీవీ ముందు, కాలి వేలికి పోగులు తగిలించుకుని, నాలుక బయటపెట్టి అల్లుతూనే ఉన్నాడు. ఒకటి అల్లి విప్పడం, ఇంకోటి అల్లి పారెయ్యడం. చూసి చూసి నా ప్రాణం విసిగిపోయింది.

"అంత బిగించకండి! తడి ఆరాక దగ్గరకి లాక్కుంటుంది."

"మా తరగతిలో బిగించమనే చెప్పారు."

"అయితే మీ తరగతినే తొడుక్కోమనండి!"

చివరికి కుడిచెప్పు జడ కొంచెం వంకరగా కుదిరింది. ఎడమది ఆరి, నేను చెప్పినట్టే బిగుసుకుపోయింది. వేసుకుంటే చిటికెనవేలి పక్కన కొరికేస్తోంది. ఆయనకి ఆ మాట చెప్పలేదు. చెబితే మళ్ళీ విప్పుతాడు, మళ్ళీ నెల.

పెళ్ళిరోజు పట్టు పైఠణీ చీర కట్టుకున్నాను. బజారు చెప్పులు ఒక జత సంచీ అడుగున కుక్కాను, పెళ్ళింటి దగ్గర ఆయన కన్నుగప్పి మార్చుకుందామని. బస్సులో మా ఆయన నా ముఖం చూడలేదు, చీర చూడలేదు. దారి పొడుగునా నా కాళ్ళే చూస్తూ కూర్చున్నాడు. దిగాక నా సంచీ కూడా తనే అందుకుని, మోసుకుంటూ ముందు నడిచాడు. ఇక మార్చుకునేది ఎక్కడ?

గుమ్మంలోనే మరదలు సులోచన పట్టేసింది.

"వదినా, ఏంటా ఎడమ కాలిది? జడా, కొరడానా?"

నలుగురు ఆడవాళ్ళు మూగారు. ఒకామె వంగి చూసింది. "ఎవరి అల్లిక అక్కా ఇది? చేతికి దెబ్బ తగిలినవాళ్ళదా?"

నా వెనక మా ఆయన గొంతు సవరించుకున్నాడు. బస్సులో వెలిగిన ముఖం అప్పటికే సగం ఆరిపోయింది. నాకు ఒళ్ళు మండింది. వాళ్ళ మీదో, ఆయన మీదో, నా మీదో తెలియలేదు.

"మా ఆయన అల్లారు" అన్నాను.

"మగాడు జడ అల్లాడా!" అని సులోచన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అందరూ పకపకా నవ్వారు. ఆ నవ్వు విని గోదా ఆత్యా వచ్చింది. మా నాన్న అక్క. ఈ వాడలో సగం ఇళ్ళకి జడలు అల్లిన చెయ్యి ఆవిడది. వేళ్ళు వంకర్లు పోయి ఇప్పుడు గ్లాసు కూడా సరిగ్గా పట్టవు.

"ఇటు తే" అని చెప్పులు విప్పించి, అరుగు మీద కూర్చుని ఒళ్ళో పెట్టుకుంది. తడిమి చూసి, మా ఆయన వంక తిరిగింది.

"ఇది అల్లికేనా అల్లుడూ? మేక నమిలినట్టుంది."

"నేర్చుకుంటున్నా ఆత్యా" అన్నాడాయన తల వంచుకుని.

"కొలత ఎవరిది?"

"ఇందూది."

"ఎవరైనా చేయించుకుని వద్దని వదిలేసినవా?"

"కాదు ఆత్యా. దాని కోసమే కోశాను."

ఆత్యా చెప్పుల అడుగు మీద అరచెయ్యి ఆనించింది. తర్వాత నా వంక తిరిగి మెల్లగా అంది. "ఇన్నేళ్ళలో బండ్లకొద్దీ అల్లానే పిల్లా. మీ మావయ్య చేతిలో మంచి పనితనం ఉండేది. కానీ నా కాలు చూసి ఒక్కనాడు తోలు కొయ్యలేదు. కొలత తప్పినవి, ఎవరూ కొననివి, అవే నా కాళ్ళకి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. మీ అమ్మకైనా అంతే."

సులోచన నవ్వు ఆగిపోయింది. ఆవిడ చీర కుచ్చిళ్ళ కిందికి కాళ్ళు లాక్కోవడం నేను చూశాను.

ఆత్యా నా చెప్పుల్లో కాళ్ళు దూర్చి, గోడ పట్టుకుని లేచింది. మండపం దాకా నడిచింది. అక్కడి నుంచి వంటల వైపు నడిచింది. తిరిగి వచ్చే సూచనే లేదు. ఎవరో కుర్చీ వేస్తే కూర్చుని, కాళ్ళు ముందుకి చాపి, అందరికీ చూపిస్తోంది. "మొగుడు అల్లినవి!" అని వచ్చేపోయేవాళ్ళకి చెబుతోంది, తన మొగుడే అల్లినట్టు.

నేను ఉత్త కాళ్ళతో ఎండలో కాలుతున్న బండ మీద నిలబడ్డాను. నా సంచీ మా ఆయన భుజాన ఉంది, అందులో బజారు చెప్పులున్నాయి. అడిగితే తీసిస్తాడు. అడగలేదు. కొంగు దోపుకుని, పెళ్ళివాళ్ళని తోసుకుంటూ ఆత్యా దగ్గరకి పోయాను.

"నా చెప్పులు నాకివ్వు ఆత్యా."

"ఉండనీవే కాసేపు. అయినా ఎడమది కరుస్తోంది, నీకెందుకు?"

"కరిస్తే నన్నే కరుస్తుంది. విప్పు!"

గొంతు నేననుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. సన్నాయి వాళ్ళు కూడా ఇటు చూశారు. ఆత్యా బోసినోటితో నవ్వుతూ ఒక్కో చెప్పూ విప్పి ఇచ్చింది. మా ఆయన ఎదురుగానే నిలబడి ఉన్నాడు. ఆయన చూస్తుండగానే ఎడమది ముందు తొడుక్కున్నాను.