నువ్వు అటు తిరిగినప్పుడు

ఫ్యాన్ కాలిపోతే ఆ వీధిలో అందరూ ఆవిడ దగ్గరికే వచ్చేవారు. పేరు పెట్టి పిలిచేవారు లేరు, వైండింగ్ అక్క అంటే చాలు. మాడిన కాయిల్ కోసి తీయడం, మోటారు గాడుల్లో కొత్త కాగితం దోపడం, రాగితీగ చుట్లు లెక్కపెట్టి చుట్టడం, అన్నీ భర్త నేర్పినవే. ఆయన పోయి మూడేళ్ళయింది.

పోయింది ఆసుపత్రిలో. పదిహేను రోజులు మంచం పక్కనుంచి కదలని మనిషి, వేడినీళ్ళ కోసం ఫ్లాస్కు పట్టుకుని కిందికి దిగింది. పైకి వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆ పది నిమిషాలూ గదిలో ఉన్నది అత్తగారొక్కతే. "నా కొడుకు చివరిదాకా గుమ్మంవైపే చూశాడు, ఇది రాలేదు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. ఎవరూ రాని రోజున కోడలి చెవిలోనే ఇల్లు కట్టుకుని పోరేది. గుమ్మంవైపు చూసిన ఆ కళ్ళు తలచుకుంటే కోడలికి ముద్ద దిగేది కాదు.

అలాంటి రోజుల్లో కొట్టులోని రేడియోలో ఒక రాక్ పాట వచ్చింది. గిటార్లు, డ్రమ్ములు, చెవులు చిల్లులు పడే గోల. చేతులనిండా వార్నిష్ ఉండబట్టి గానీ లేకపోతే కట్టేసేదే. ఆ గోల మధ్యలో గాయకుడు గొంతు చించుకుని అన్నాడు:

నువ్వు అటు తిరిగినప్పుడే వెళ్ళాను,
నీ కళ్ళెదుట అడుగు పడలేదు.

ఆవిడ పని ఆపి కూర్చుండిపోయింది. అచ్చంగా ఆయనే అన్నట్టుంది. నేను పక్కనుంటే ఆయనకు ప్రాణం వదలబుద్ధి కాలేదు, అందుకే నన్ను కిందికి పోనిచ్చాడు అనుకుంది. ఆ పూట కడుపునిండా తింది. తర్వాత ఆ పాటను ఫోన్‌లో పెట్టించుకుని రోజూ వినేది. ఎందుకో మాత్రం ఎవరికీ చెప్పలేదు, నవ్వుతారని.

మొన్న ఆ గాయకుడే రేడియోలో మాట్లాడాడు. పాట ఎలా పుట్టిందని అడిగితే పగలబడి నవ్వాడు. బడిలో లెక్కల మాస్టారు బోర్డువైపు తిరగగానే కిటికీ దూకి పారిపోయేవాడట. మాస్టారు చూస్తుంటే కాలు కదిలేది కాదట. పాటంతా ఆ మాస్టారి మీదేనట!

ఇన్నాళ్ళూ తను పట్టుకుని బతికింది ఒక కోతిచేష్టల పిల్లాడి ఆకతాయితనాన్నా? అయితే ఆయన ఏమీ అనలేదన్నమాట. గుమ్మంవైపు చూస్తూనే పోయాడన్నమాట. చేతిలో ఉన్నది సెలూన్ ఫ్యాన్. ఏ తీగను దేనికి కలిపిందో ఆవిడకే తెలియదు.

మర్నాడు సెలూన్ ఆయన ఫ్యాన్ మోసుకొచ్చాడు. "అక్కా, ఇది నా మీద అలిగినట్టుంది. ఉల్టా తిరుగుతూ గాలంతా కప్పుకే కొడుతోంది."

"తీగలు తారుమారు చేశాను తమ్ముడూ. సాయంత్రానికి ఇస్తాను."

గుమ్మంలో కూర్చున్న అత్తగారు అందుకుంది. "దాని ధ్యాస ఎప్పుడూ అంతేలే నాయనా. నా కొడుకు ఎదురుచూసిన రోజూ అంతే."

సెలూన్ ఆయన ఫ్యాన్ బల్లమీద పెట్టి మెల్లగా జారుకున్నాడు. కోడలికి మూడేళ్ళ దుఃఖం ఒక్కసారిగా పొంగింది. "నా ఎదుట పోలేకే అలా పోయారనుకుని బతుకుతున్నానత్తయ్యా! ఈ పాటలో ఉంది ఆ మాట. మీరే వినండి!" అంటూ పాట పెట్టి, ఫోన్ ముసలావిడ ఒళ్ళో పడేసింది.

ముసలావిడ డ్రమ్ముల మోతకు మొహం చిట్లించుకుంది. ఆ రెండు ముక్కలూ వచ్చేసరికి మొహం మారిపోయింది.

"వాడు గుమ్మంవైపు చూశాడో లేదో నాకు తెలీదే" అంది పాట అయిపోయాక. "నువ్వటు దిగావు, నాకిటు కునుకు పట్టింది. కళ్ళు తెరిచేసరికి వాడు లేడు. నువ్వేం చేస్తున్నావని నన్నెవరైనా అడుగుతారేమోనని ముందే నీ మీదికి తోసేశాను."

కోడలికి కోపం వచ్చింది. రాకేం చేస్తుంది? కానీ ముసలావిడ ఫోన్‌ను రెండు చేతులా గట్టిగా పట్టుకుని కోడలివైపు చూసింది.

"ఈ పాట రాసినవాడికి ఎవరు పోయారే?"

ఏదో ఒకటి చెప్పి తప్పించుకుందామనుకుంది కోడలు. మనసొప్పలేదు. "ఎవరూ పోలేదత్తయ్యా. లెక్కల క్లాసు ఎగ్గొట్టి కిటికీ దూకేవాడట. దానిమీద కట్టాడు."

"వెధవ" అంది ముసలావిడ కళ్ళు తుడుచుకుంటూ. ఫోన్ కోడలికి అందించింది.

"మళ్ళీ పెట్టవే. ఈసారి నిద్రపోను."