మామిడికి గంజాయి అంటు

ఆ రోజుల్లో మా రాజపాళయంలో తోటకొక పిచ్చివాడు ఉండేవాడు. చోళపురం దారిలో ఉన్న మా మామిడితోటకు ఆ పదవి మా చిన్నాయనది. అంటు కట్టడాన్ని మావాళ్ళు ఒట్టు అంటారు కాబట్టి ఊరంతా ఆయనను ఒట్టాయన అనే పిలిచేది. రెండు కొమ్మలు పక్కపక్కన కనిపిస్తే చాలు, ఆయన చెయ్యి మొలలోని కత్తి మీదికి పోయేది. నిమ్మకు నారింజ కట్టాడు, సరే. జామకు దానిమ్మ కూడా కట్టి చూశాడు. అది ఎండిపోతే బాధపడలేదు, "వీటికి ఏమి కోపమో" అని ఆశ్చర్యపోయాడు.

అప్పుడే పెట్టిన నూలు మిల్లులో నేను గుమాస్తాగా చేరాను. తాత పోయినప్పటినుంచి అవ్వకు నిద్ర లేదు. ఆమెకు లేకపోతే ఇంట్లో ఎవరికీ లేనట్టే. తలుపు గడియ వేశారా, ఆవుకు నీళ్ళు పెట్టారా అని పక్కన పడుకున్న నన్ను లేపి లేపి అడిగేది. ఆ నిద్రంతా నేను మిల్లులో తీర్చుకునేవాణ్ణి. చివరికి మేనేజరు, "తంబీ, ఇంకొక తూరి కన్ను మూసినావంటే ఇంటికిదా పోవాల" అన్నాడు. (మా ఊరి "ఇంటికిదా" అంటే ఇంటికే.) ఉద్యోగం పోతే కుదిరిన పెళ్ళి కూడా పోయేలా ఉంది.

వైద్యుడు గంజాయాకు వేసిన లేహ్యం ఇస్తానన్నాడు. అవ్వ మండిపడింది. "పండారాలు పీల్చేదాన్ని నేను తినేదా? మీ తాత పేరు ఏమి కావాల?" (పండారాలంటే కొండ గుళ్ళకు తిరిగే కాషాయం సాములు.) అలాంటి సామి ఒకాయన మా తోటలో బసచేసి పోయిన చోట గంజాయి మొక్క ఒకటి మొలిచి ఉంది. చిన్నాయన దాని ముందు గొంతుకూర్చుని చాలాసేపు చూశాడు. "ఒరే, అమ్మ మామిడిపండు వద్దనదు కదా. దీన్ని మామిడికి ఒట్టు కట్టితే? రుచి మామిడిది, నిద్ర దీనిది!" నాకు నవ్వు రాలేదు. ఉద్యోగం పోయేవాడికి అన్నీ సాధ్యంగానే కనిపిస్తాయి.

మొక్కను కుండలోకి మార్చి, కాయలున్న కొమ్మ ఎత్తుకు మంచె కట్టి దానిమీద పెట్టి, రెండింటి బెరడూ చెక్కి, కలిపి అరటినారతో కట్టి, పేడమన్ను మెత్తాం. (సర్కారువాళ్ళ కంట పడకుండా పైన అవ్వ పాత చీర కప్పాం.) మొక్క పచ్చగా పెరుగుతుంటే చిన్నాయన "పట్టినాదిరా!" అని గంతులేశాడు. అది తన కుండలోని వేళ్ళతో తాను బతుకుతోందని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

ఆ కొమ్మ పండ్లు మాగాక రోజూ సాయంత్రం ఒకటి కోసి అవ్వకు పెట్టి, ఎదురుగా కూర్చునేవాళ్ళం. మత్తు ఎక్కిందో లేదో చూడాలి కదా! చిన్నాయన ఆమె కళ్ళలోకి తొంగి చూసేవాడు. తాతతో బండి కట్టుకుని సేత్తూరు పోయిన కథ ఆమె మొదలుపెడితే "ఎక్కినాది" అని నా తొడ గిల్లేవాడు. కథ అయ్యేదాకా కదిలేవాళ్ళం కాదు. కొద్ది రోజులకే అవ్వ గురక పెట్టింది. నేనూ పెట్టాను. ఉద్యోగం నిలిచింది, పెళ్ళి ముహూర్తం పెట్టారు.

పండ్లు అయిపోయాక, ఇక మొక్క మామిడి మీదే బతుకుతుంది, కుండతో పనేముందని చిన్నాయన కాడను కట్టుకు కింద కోశాడు. సాయంత్రానికి మొక్క వాలిపోయింది. కట్టు విప్పితే రెండు బెరళ్ళూ అతుక్కోనేలేదు. "అట్లయితే అమ్మ ఎట్ల నిద్రపోయినాది?" అని నోరు తెరిచాడు. ఆగలేక పోయి ఆమెనే అడిగేశాడు.

"తోటలో నా చీర చూసిననాడేదా మీరు చేసే వేలై అంతా తెలిసినాది" అంది అవ్వ. "మీరు ఏ చెట్టుకు ఏమి కట్టితే నాకేమిరా? మీ నాయన పోయినాక నా ముఖం చూసి కథ విన్నవాళ్ళు ఎవరు? పండు లేకుంటే పోనీ, రేపూ వచ్చి కూర్చోండి."

ఇప్పుడు నాకు అవ్వ వయసు, అవ్వ నిద్రలేమి. మనవడు మామిడిపండు కోసి పళ్ళెంలో పెట్టి వెళ్ళబోతుంటే, "కూర్చోరా, పనిచేస్తుందో లేదో చూడాలి కదా" అంటాను. ఏమి పనిచేయాలో వాడికి తెలియదు, అయినా కూర్చుంటాడు. నేను సేత్తూరు బండి కథ మొదలుపెడతాను.