అందరిళ్ల బువ్వ

పాతబస్తీలోని జహనుమాలో ఆగమ్మ బట్టలుతికే ఇళ్లు చాలానే ఉండేవి. పొద్దున మూటలు మోసుకుపోయేది, మాపటికి మడతలు పెట్టి ఇచ్చేది. పొద్దుగూకే వేళకు మళ్లీ బయల్దేరేది. అప్పుడు నెత్తిన మూట ఉండదు, చంకలో పెద్ద సిల్వర్ గిన్నె ఉంటుంది. ఉతికే ప్రతి ఇల్లూ ఆమెకు రాత్రి బువ్వ పెట్టాలి. ఎవరూ కూర్చుని మాట్లాడుకున్న ఒప్పందం కాదు. ఆమె అత్త నాటి నుంచి అట్లా నడుస్తోంది.

ఒక ఇంట్లో దోసకాయ పప్పు పోసేవాళ్లు. పక్కింట్లో ఎండు చేపల పులుసు. రజియా బీ వెనక తలుపు తీసి పుల్లటి ఖట్టా సాలన్ వేసేది. అన్నీ ఒకే గిన్నెలో పడి కలిసిపోయేవి. గిన్నె నిండేసరికి వాడకట్టులో ఎవరు ఏం తింటున్నారో ఆగమ్మకు తెలిసిపోయేది. ఆడవాళ్లు ఊరుకునేవాళ్లు కాదు. "ఏమే ఆగమ్మా, మూలింటోళ్లు ఇయ్యాల ఏం కూర వండిన్రే?" అని ఆపి అడిగేవాళ్లు. ఆమె నవ్వుతూ చెప్పేది. కూరే లేక కారం మెతుకులు తిన్న ఇంటి సంగతి మాత్రం బయట పెట్టేది కాదు. "పప్పు చేసిన్రు" అని ముందుకు నడిచేది.

ఆమె మొగుడు దుర్గయ్య. బట్టలుడికే బట్టీ మీద మసులుతున్న నీళ్ల గోలెం బోర్లపడి అతని కాళ్లు కాలిపోయాయి. అప్పటి నుంచి గుమ్మం దగ్గర కూర్చుని బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేస్తాడు. వాళ్లకు ఒక్కతే కూతురు, బాలమణి. ఐదో తరగతి. ఆగమ్మ బువ్వకు పోయే ఇళ్ల పిల్లలే బడిలో ఆ పిల్ల పక్కన కూర్చుంటారు. అందుకే జ్వరం వచ్చినా, వాన కురిసినా ఆగమ్మే పోయేది. గిన్నెను బిడ్డ చేతికి ఇవ్వలేదు. "నా తోనే ఆఖరు గావాలె" అనేది మొగుడితో.

ఎనభైల మొదట్లో ఒకసారి గొడవలు రేగి పాతబస్తీలో కర్ఫ్యూ పెట్టారు. ఒకటి రెండు రోజుల్లో ఎత్తేస్తారనుకున్నారు. ఎత్తలేదు. మధ్యలో గంటో రెండు గంటలో సడలించేవాళ్లు. ఆ కాసేపట్లో దుకాణాల ముందు జనం తొక్కుకునేవాళ్లు, అంతలోనే షట్టర్లు దిగేవి. ధోబీఘాట్‌కు పోయేవాళ్లు లేరు. మాసిన బట్టలు ఇళ్లలో కుప్పలు పడ్డాయి. ఉతుకు లేకపోయినా ఆకలి ఉంది.

"పోకు. గీ లొల్లిల యాడికి పోతవ్?" అన్నాడు దుర్గయ్య.

"పోకపోతె ఏం తింటం? పిల్ల పొద్దటి సంది గంజి నీళ్ల మీదున్నది."

ఆగమ్మ పెద్ద రోడ్డు ఎక్కలేదు. రజియా బీ తన పెరటి తలుపు తీసి ఉంచింది. అక్కడి నుంచి దొడ్లు దాటి, గోడలెక్కి, సందుల్లోంచి వంగి నడుస్తూ ఇల్లిల్లూ తట్టింది. రోజులు గడిచేకొద్దీ గిన్నెలో పడేది తగ్గింది. ఒకామె పచ్చి పులుసు పోసి మొహం తిప్పుకుంది. ఒకామె తలుపు చాటు నుంచే, "రేపు రావద్దు ఆగమ్మా, మాకే చాలుతలేదు" అంది. ఒక ఇంట్లో మాత్రం దాణా లేక, పెంచుకున్న కోడిని కోసుకున్నారు. ఆ పులుసులోంచి ఒక గరిటె వేశారు. ఆ సాయంత్రం గిన్నె సగం కూడా నిండలేదు.

చివర్న కమలకుమారి ఇల్లు. కోస్తా నుంచి కొత్తగా వచ్చిన కుటుంబం. భర్త వెంకట్రావు గవర్నమెంటు ఆఫీసులో గుమాస్తా. అత్తగారు శారదాంబకు కళ్లలో పొరలు కమ్మి చూపు దాదాపు పోయింది. మడి కట్టుకుని గానీ మెతుకు ముట్టని మనిషి. చంటిపిల్లవాడికి ఇంకా మూడు నెలలు నిండలేదు. వెంకట్రావు ఆఫీసు పని మీద కర్నూలు వెళ్లి కర్ఫ్యూ వల్ల అక్కడే చిక్కుకుపోయాడు. అద్దెకిచ్చిన ఇంటివాళ్లు ముందు భాగానికి తాళం వేసి ఊరెళ్లిపోయారు.

కమలకుమారి తలుపు కొంచెమే తీసింది. "ఇవాళ పెట్టడానికేమీ లేదు ఆగమ్మా. వెళ్లు."

"కూర లేకుంటె మానె. గింత బువ్వేయుండ్రి తల్లీ."

"అన్నమే లేదు."

లోపల పిల్లవాడు ఏడుస్తున్నాడు. గొంతు బొంగురుపోయి, ఏడుపు కీచుమంటోంది. ఆగమ్మ తలుపు నెట్టుకుని లోపలికి చూసింది. స్టవ్వు మీద గిన్నె లేదు. కిరసనాయిలు డబ్బా బోర్లించి ఉంది. పక్కన పళ్లెంలో నీళ్లు పోసి నానబెట్టిన బియ్యం.

"గవి తింటున్నరా?"

కమలకుమారి పళ్లెం పక్కకు జరిపింది. తర్వాత ఒక్కసారిగా అంది. "కిరసనాయిలు అయిపోయింది. సడలింపప్పుడు వీధి చివరిదాకా వెళ్లాను. ఆ తోపులాట చూసి, పిల్లాడితో భయమేసి వెనక్కి వచ్చేశాను. నాకు ఇక్కడివాళ్ల భాష రాదు, ఎవరూ తెలియదు. అత్తయ్యకు బియ్యం నలగడం లేదు. నాకు పాలు పడటం లేదు. వీడికేం పెట్టను?"

"నాకన్న చెప్పొద్దా అమ్మా?"

"నీకెలా చెప్పను? నువ్వే మా ఇంటికి అన్నానికి వస్తావు."

ఆగమ్మ గిన్నెలోకి చూసుకుంది. ఉన్నది ముగ్గురికే చాలదు. ఇంటి దగ్గర బాలమణి గుమ్మంలోనే కూర్చుని ఉంటుంది. ఒక్క క్షణం, తలుపు దాటకుండా ఉంటే బాగుండేదనిపించింది ఆమెకు. పిల్లవాడు మళ్లీ కీచుమన్నాడు.

"మీరు తినరని ఎరికే. దీంట్ల కోడి పులుసు గూడ కలిసింది. తీద్దామంటె వచ్చేటట్టు లేదు" అంది మెల్లగా.

కమలకుమారి గిన్నె వైపు చూడలేదు. వెళ్లి ఒక కంచం తెచ్చి కింద పెట్టింది. ఆగమ్మ వడ్డించింది. కమలకుమారి గోడ వైపు తిరిగి కూర్చుని తినసాగింది. మొదటి ముద్ద మింగలేక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. రెండో ముద్ద నుంచి ఆగలేదు.

"కమలా, ఏమిటే ఆ వాసన?" లోపలి గదిలోంచి శారదాంబ.

"ఏం లేదత్తయ్యా."

ముసలావిడ మంచం దిగింది. గోడ పట్టుకుని తడుముకుంటూ గుమ్మం దాకా వచ్చి అక్కడే కూలబడింది.

"నాక్కూడా పెట్టు. ఏమిటని అడగను."

కోడలు కదల్లేకపోయింది. ఆగమ్మే వెలుతురు వైపు గిన్నె వంచి, పులుసు అంటని మెతుకులు వెతికి, పప్పు తగిలిన చోట నుంచి తీసి ఆవిడ ముందు పెట్టింది. శారదాంబ తల వంచుకుని తిన్నది. చివర్న అలవాటుగా మజ్జిగ కోసం చెయ్యి చాచి, వెంటనే ముడుచుకుంది. ఆవిడ గడ్డం మీదుగా కన్నీళ్లు కంచంలో పడ్డాయి.

"రేపు బట్టీ కట్టెలు తెచ్చిస్త. మీ బియ్యం మీరే వండుకోవచ్చు" అని ఆగమ్మ లేచింది.

ఇంటికి పోయి, మిగిలింది మొగుడికీ బిడ్డకూ పెట్టింది. "నేను ఆడనే తిన్న" అంది. దుర్గయ్య ఆమె మొహం చూసి తన పళ్లెంలో సగం వెనక్కి తోశాడు. ఆమె దాన్ని బాలమణి పళ్లెంలో వేసింది.

మరునాడు కట్టెలు గోనె సంచిలో చుట్టి వీపున కట్టుకుని బయల్దేరింది. ఒక గోడ మీద ఉండగా వీధిలోంచి జీపు శబ్దం, విజిల్ వినిపించాయి. దూకింది. బరువు వెనక్కి లాగింది. కుడి చెయ్యి కింద పడి మణికట్టు దగ్గర పుటుక్కుమంది. జీపు వెళ్లిపోయేదాకా నోట్లో కొంగు కుక్కుకుని గోడ మొదట్లో పడి ఉంది. కట్టెలు అక్కడే చెదిరిపోయాయి. ఎట్లా ఇల్లు చేరిందో ఆమెకే తెలియదు. కమలకుమారి ఆ సాయంత్రమంతా తలుపు దగ్గర నిలబడి ఎదురుచూసింది.

ఆ తర్వాత సడలింపు పెరిగింది. వెంకట్రావు వచ్చాడు. రజియా బీ ఆగమ్మను రిక్షాలో ఎక్కించి ఎముకలు సరిచేసే పహిల్వాన్ దగ్గర కట్టు కట్టించింది. "దేర్ హోగయీ అమ్మా, ఆలస్యమైంది. ఎముక సీదా అతుకుతదో లేదో" అన్నాడాయన. అతకలేదు. వేళ్లు ముడుచుకోవు. తడి దుప్పటి పిండాలంటే రెండు చేతులూ కావాలి.

కట్టు కట్టుకున్న చేత్తోనే కొన్నాళ్లు బువ్వకు పోయింది. పొద్దున మూటలు బాలమణి మోసేది, మాపటి గిన్నె మాత్రం ఆమే ఒక చేత్తో పట్టుకునేది. ఇళ్లవాళ్లు జాలి పడ్డారు, అన్నం వేశారు. ఉతుకు ఆలస్యమవుతుంటే కొందరు లాండ్రీలకు మారారు. మారిన ఇంట్లో బువ్వ అడగడానికి మొహం చెల్లదు.

అందరికంటే ముందు మారింది కమలకుమారి. ఆగమ్మ పోతే వెంకట్రావే వచ్చి, "బట్టలు బయట ఇస్తున్నామమ్మా" అన్నాడు మర్యాదగా. అతనికి ఏమీ తెలియదు. అతని వెనక కమలకుమారి పిల్లవాణ్ని ఎత్తుకుని నిలబడింది. చూపు కలవగానే లోపలికి వెళ్లిపోయింది. ఆగమ్మకు కోపం రాలేదు గానీ దారంతా ఏడ్చింది. ఆ సాయంత్రం బువ్వ మాట మాత్రం ఎక్కడా అనలేదు.

కొన్ని నెలలకు వాళ్లు నది అవతలికి ఇల్లు మారారు. సామాన్ల బండి ముందు పోయింది. వెనక వస్తున్న రిక్షా దుర్గయ్య ఇస్త్రీ చేస్తున్న గుమ్మం ముందు ఆగింది. కమలకుమారి దిగింది. పిల్లవాణ్ని తెచ్చి ఆగమ్మ ఎడమ చేతిలో పెట్టింది. వాడు బరువెక్కాడు. ఆమె మెడలో నల్లపూసలు పట్టుకుని గుంజాడు. రిక్షాలోంచి శారదాంబ, "ఆగమ్మేనా?" అంది.

"నేనే అమ్మా."

"చెయ్యి ఎలా ఉంది?"

"ఉన్నది తల్లీ. గట్లనే ఉన్నది."

అంతే మాట్లాడుకున్నారు. కమలకుమారి పిల్లవాణ్ని తీసుకుని వెళ్లిపోయింది.

ఆ యేడు బడి తెరిచినప్పుడు బాలమణి పోలేదు. ఉతుకు రేవులో తండ్రి వయసు మగవాళ్ల మధ్య నిలబడి బండకు బట్టలు బాదడం నేర్చుకుంది. పొద్దుగూకాక ఆగమ్మ లేవబోతే, "నువ్వుండు. నేను పోయొస్త" అని తనే గిన్నె తీసుకుంది. ఆగమ్మ వద్దనలేకపోయింది. గుమ్మం దాకా పోయి చూసింది. పిల్ల మొదటి ఇంటి ముందు చాలాసేపు నిలబడింది. పిలవకుండా చేత్తో గిన్నె మీద మెల్లగా కొట్టింది.