వెనక్కి చాచిన చెయ్యి

మా వీధిలో బాబాయి గురించి ఒక మాట తిరిగింది. మెకానిక్కుకు వేడి ఇంజనంటే భయమట. పొగలు కక్కుతూ కారు వస్తే తను వెనక నక్కి, అన్న కూతుర్ని ముందుకు తోస్తాడట. "బానెట్లు ఎత్తీ ఎత్తీ గుండె జారిపోయింది పాపం," అని టైర్ల కొట్టాయన నవ్వేవాడు.

ఆ అన్న కూతుర్ని నేనే. నాన్న పోయాక తొమ్మిదిలోనే బడి మానేసి బాబాయి షెడ్డుకు వచ్చాను. కొత్తవాళ్ల ముందు నాకు నోరు పెగలదు. ఆ షెడ్డులో నోటితో పెద్దగా పని కూడా లేదు.

బాబాయికి షుగరు. రెండేళ్ల కిందట రెండు అరచేతుల్లోనూ స్పర్శ పోయింది. నట్టులూ బోల్టులూ కళ్లతో చూసుకుని ఎలాగో నెట్టుకొచ్చేవాడు గానీ, వేడీ చల్లా తెలిసేది కాదు. ఆ సంగతి బయటికి పొక్కితే మా గుమ్మంలోకి బండి రాదు. అందుకని ముందు నేను ముట్టుకునేదాన్ని. బాబాయి వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాచేవాడు. వేడిగా ఉంటే ఆ చేతిలో మందపాటి గుడ్డ పెట్టేదాన్ని, చల్లగా ఉంటే పానా. తర్వాత తనూ చెయ్యి వేసి, కనుబొమలు ముడిచి, తనే కనిపెట్టినట్టు తల ఊపేవాడు.

ఒక మధ్యాహ్నం టాక్సీ ఒకటి వచ్చింది. డ్రైవరు బక్కపలచటి మనిషి, నోరు మాత్రం ఆగదు.

"పది నిమిషాలు నడిపితే చాలు మేస్త్రీ, టెంపరేచరు ముల్లు ఎర్రగీత ఎక్కేస్తోంది. నీళ్లు నిండుగానే ఉన్నాయి. మా ఆవిడకి కూడా ఇంత తొందరగా కోపం రాదు."

"మీ ఆవిడ సంగతి తర్వాత. ముందు ఇంజను ఆపు."

రేడియేటరు పై పైపు ముట్టుకుంటే చురుక్కుమంది. కింది పైపు మాత్రం, అంత మరిగిన ఇంజనుకు, చల్లగా ఉంది. మధ్యలో థర్మోస్టాట్ అని అరచేతిలో పట్టేంత బిళ్ల ఉంటుంది. ఇంజను వేడెక్కగానే అది తెరుచుకుని నీళ్లను రేడియేటరులోకి వదలాలి. అది ఇరుక్కుపోయింది. ఇక రేడియేటరు మూత చల్లారేదాకా ఆగడమే. ఆవిరి నిండిన మూత తీస్తే ముఖం మిగలదు.

నేను బకెట్టు పట్టుకుని కుళాయి దగ్గరికి వెళ్లాను. బాబాయి అటు తిరిగి కొత్త బిళ్ల కోసం డబ్బాలు వెతుకుతూ, అలవాటుగా చెయ్యి వెనక్కి చాచాడు. డ్రైవరుకు బేరం తొందర. పానా తీసి ఆ చేతిలో పెట్టాడు.

ఎవరు పెట్టారో ఆ చేతికి ఎలా తెలుస్తుంది?

నేను తిరిగి చూసేసరికి బాబాయి అరచెయ్యి మూత మీద ఉంది. తిప్పుతున్నాడు. అరిస్తే డ్రైవరుకు అంతా తెలిసిపోతుంది. అరవకపోతే బాబాయి ముఖం అక్కడే, మూత మీదే ఉంది. బకెట్టు ఎప్పుడు వదిలేశానో గుర్తులేదు.

"బాబాయ్, తియ్యకు. కాలుతోంది."

మోచెయ్యి పట్టి వెనక్కి లాగాను. మూత పూర్తిగా ఊడకుండా మొదటి గాడిలో ఆగింది. అంచునుంచి సన్నగా ఆవిరి బుస్సుమంది.

"కాలడమేంటమ్మా, ఆయన చెయ్యి దానిమీదే ఉందిగా?" అన్నాడు డ్రైవరు.

బాబాయి తన అరచేతిని పరాయివాడిదన్నట్టు చూసుకున్నాడు.

"ఈ చేతులకు తెలీదు తమ్ముడూ. అమ్మడు చెప్పాలి."

డ్రైవరు పాత టైరు మీద కూలబడ్డాడు. మూత చల్లారడానికి ముప్పావుగంట పట్టింది. అతను లేచి ఎక్కడికి వెళ్లి చెబుతాడో అని అతని వంకే చూస్తూ ఉన్నాను. మూడుసార్లు ముట్టుకుని చూశాకే పానా ఇచ్చాను. నీళ్లు దింపి, బోల్టులు విప్పి, పాత బిళ్లను టీ గిన్నెలో మరిగించాం. గోటి మందం కూడా తెరుచుకోలేదు. కొత్తది అదే గిన్నెలో నోరు తెరిచింది.

"నువ్వే పెట్టు. ఆ చిన్న రంధ్రం పైకుండాలి, గాలి అందులోంచే పోతుంది," అన్నాడు బాబాయి. పెట్టి బిగించాను. ఇంజను అరగంట నడిపినా ముల్లు సగం దాటలేదు. డ్రైవరు తనే వంగి కింది పైపు ముట్టుకున్నాడు.

"వేడెక్కింది మేస్త్రీ," అన్నాడు, బాబాయికి వినబడేలా.

అంతసేపు ఏం చేశారని టైర్ల కొట్టాయన వీధి మలుపులో అడిగితే, "మేస్త్రికి వేడంటే భయంలే, ఆ పిల్లే ముట్టుకోవాలి," అన్నాడట డ్రైవరు. మాట అక్కడ పుట్టింది. బాబాయి విని నవ్వాడు. "పోనీలే, పిరికివాడైతే జాగ్రత్తగా చేస్తాడనుకుంటారు."

ఇప్పుడు పానా పట్టేది నేనే. తన చేతుల సంగతి బాబాయే అందరికీ చెబుతున్నాడు కాబట్టి రాస్తున్నాను. ఆ రోజు ఇంటికి వెళ్లాక పిన్ని చూసి అడిగేదాకా, తన అరచేతిలో రూపాయి బిళ్లంత బొబ్బ లేచిందని బాబాయికి తెలియదు.