అంబలి తాగిన జీవాలు

మొన్న పొద్దున నడకకి వెళ్ళినప్పుడు, బీచ్ రోడ్డు మీద తోపుడుబండతను కాగితం గ్లాసులో చోడంబలి, అదే రాగి అంబలి, పోసిస్తే, ఒక్క గుక్క తాగానో లేదో, ఎప్పటిదో ఒక గాజు సీసా, దానికి కాపలా కూర్చున్న ఒక మనిషీ గుర్తొచ్చి, మిగతాది తాగడానికి చాలాసేపు పట్టింది.

తొంభైల్లో నేను విశాఖలో రీసెర్చి స్కాలర్ని. బొగ్గు కాలిస్తే అందులోని గంధకం పొగై ఊపిరాడనివ్వదు కదా, కాల్చకముందే ఆ గంధకాన్ని బాక్టీరియా చేత తినిపించి బొగ్గుని శుభ్రం చేయడం నా టాపిక్కు. వినడానికి గొప్పగానే ఉంటుంది గాని, లాబ్‌లో ఉన్న బాక్టీరియా కాస్తా చచ్చి ఊరుకుంది. నెలాఖరుకి కొత్తది చూపించకపోతే టాపిక్కు మరొకరికిచ్చేస్తానని మా గైడు తేల్చేశారు. నా ఏడుపు మొహం చూసి జాలిపడ్డ మా లాబ్ అటెండరు, గూడెం కొత్తవీధి అవతల తమ ఊరి దగ్గర తుప్పు రంగు నీళ్ళ ఊట ఉందని చెప్పి, వాళ్ళమ్మ దగ్గరికి పంపాడు. అలాంటి నీళ్ళలోనే ఆ బాక్టీరియా దొరుకుతుంది.

ఊట నీళ్ళలో బొగ్గుపొడి కలిపి సీసాకెత్తి, ఇందులో జీవాలున్నాయమ్మా, చలికి చచ్చిపోతాయి, పొయ్యి పక్కన ఉంచు అని ఆమెకి అప్పగించి, మరో రెండు ఊటలు చూడ్డానికి వెళ్ళాను. అక్కడ జీవాలంటే మేకలూ గొర్రెలూ అన్న ఇంగితం, ఇంత చదువుకున్నదాన్ని, నాకుండొద్దూ? మూడో రోజు తిరిగొచ్చి చూస్తే నీళ్ళ మీద తెల్లటి తెట్టు కట్టి, పుల్లటి కంపు.

“జీవాలన్నావు కదమ్మా, పస్తెలాగుంచుతాను? పూటకి రెండు సుక్కలు అంబలేసినాను,” అంది ఆమె, మెచ్చుకుంటానని నా వైపు చూస్తూ.

మనం తినే తిండి వాటికి విషం. అది చెప్పి ఊరుకోవలసింది, నోటికొచ్చినట్టల్లా అరిచాను, తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. మర్నాడు నేను లేచేసరికి ఆమె ఇంట్లో లేదు. ఎండెక్కాక, మోకాళ్ళదాకా తడిసిన కోకతో కొండెక్కి వచ్చి, అంబలి తగలని కొత్త ఆనపకాయ బుర్ర నిండా ఊట నీళ్ళు నా ముందు పెట్టింది.

“ఈపాలి ఏటీ ఎయ్యనమ్మా.”

నా డాక్టరేటు ఆ బుర్రలో నీళ్ళదే. థీసిస్ మొదటి పేజీలో గైడుకీ, అటెండరుకీ, ఆఖరికి టైపు చేసినతనికీ కృతజ్ఞతలు చెప్పాను గాని ఆమె మాట రాయలేదు, తోచనేలేదు. కొడుకు ఊరెళ్ళినప్పుడల్లా మాత్రం ఆమె, ఆయమ్మ జీవాలు తింతన్నాయా అని అడిగేదట. డిగ్రీ వచ్చాక ప్రాజెక్టు మూసేస్తే, వాటిని పెంచిన సీసాలన్నీ నా చేత్తోనే సింకులో పారబోశాను. అయినా బాగున్నాయని చెప్పమనే కబురు పంపుతూ వచ్చాను, ఆమె పోయిందని తెలిసేదాకా.

ఇప్పుడు ఆ ఊరికి తారు రోడ్డు పడింది, అంబలి బీచ్ రోడ్డుకి దిగింది, నా పరిశోధన ఏ బీరువాలో ఉందో నాకే తెలియదు. ఫలితాలేమిటని అప్పట్లో ఎందరో అడిగారు గాని, అవి తింటున్నాయా అని అడిగింది ఆమె ఒక్కతే. ఆమెకే అబద్ధం చెప్పాను.