ఒక సైజు తక్కువ

వీధిలో ఆ దర్జీని అందరూ 'రేపు మాస్టారు' అనేవాళ్లు. ఏ గుడ్డ ఇచ్చినా "రేపు రండి" అనడం ఆయనకు ఉగ్గుపాలతో అబ్బిన విద్య. పెళ్లికొడుకు ప్యాంటును పెళ్లయ్యాక ఇచ్చిన ఘనుడు. కానీ కుట్టాడంటే వంక పెట్టడానికి లేదు. బిగుతుగా కోయడం ఆయన దృష్టిలో పాపం. లోపల రెండు వేళ్ల గుడ్డ వదలాల్సిందే, ఎవరి పొట్ట ఎప్పుడు పెరుగుతుందో ఎవడు చూడొచ్చాడు?

అలాంటి మనిషి ఆర్నెల్లుగా ఒక్క పక్కకుట్టుకి మూడుసార్లు ఆగుతున్నాడు. నాలుగు తొక్కులు తొక్కితే ఆయాసం. పడుకుంటే ఊపిరాడక కుర్చీలోనే కునుకు. మిషన్ ఆగితే చాలు, వంటింట్లో భార్య గరిటె కూడా ఆగేది. అందుకని అలసట వచ్చినప్పుడు గుడ్డ తీసేసి, ఖాళీ చక్రాన్ని చేత్తో తిప్పుతూ దొంగ చప్పుడు చేసేవాడు.

చివరికి ఆవిడే ఆసుపత్రికి ఈడ్చుకెళ్లింది. గుండె ఆపరేషన్లు చేసే డాక్టరమ్మ, ఆయన కూతురి వయసుది, బొమ్మ గీసి చూపించింది.

"రక్తనాళాలు పూడిపోయి గుండె కండ నీరసించింది. గుండె సాగిపోయింది. లోపలి కవాటం రెక్కలు కలవక రక్తం వెనక్కి కారుతోంది. బైపాస్ చేసేటప్పుడే కవాటం చుట్టూ రింగు కుట్టి బిగిస్తాను మాస్టారూ."

"కొలతెలా తీస్తారు?"

"లోపలే అచ్చు పెట్టి చూస్తాం. దానికన్నా ఒక సైజు తక్కువది వేస్తాం."

అంతే, మాస్టారు చొక్కా గుండీలు పెట్టేసుకున్నాడు. నలభై ఏళ్లలో పగవాడికి కూడా సైజు తగ్గించి కోయలేదు, నా గుండెకా? "రేపు చూద్దాం లెండమ్మా."

"కూర్చోండి," అంది భార్య. "నడుం వదులైన ప్యాంటు తెస్తే మీరేం చేస్తారు?"

"బిగించి కుడతాను. అది ఆల్టరేషను, వేరే సంగతి."

"ఈవిడ చేసేదీ అదే. ఇంకో మాట. ఖాళీ మిషన్ చప్పుడు నాకు తెలియదనుకున్నారా? ఆర్నెల్లుగా వింటున్నాను."

మాస్టారు కూర్చున్నాడు. "భయమేస్తోందే," అన్నాడు.

"నాకు మాత్రం వెయ్యట్లేదా?"

ఆయన డాక్టరమ్మ వైపు తిరిగాడు. "కుట్టాక సరిచూస్తారా?"

"గుండె మూసేముందు లోపల సెలైన్ నింపి, కారుతోందేమో చూస్తాం."

"అయితే సరే. కుట్లు దగ్గరదగ్గరగా వెయ్యండి."

ఆపరేషన్ అయింది. అద్దంలో ఛాతీ చూసుకుని, పైకుట్టు నూలువాసి వంకరగా ఉందని డాక్టరమ్మ మొహం మీదే చెప్పాడు. మూడు నెలలకు, కోసిన ఛాతీ ఎముక అతికాక, మళ్లీ మిషన్ ముందు కూర్చున్నాడు. పొడవాటి ప్యాంటు. కుట్టు మోకాలు దాటింది, తొడ దాటింది, ఆయాసం జాడ లేదు. నడుం దగ్గరికి వచ్చేసరికి మిషన్ టక్కున ఆగింది.

వంటింట్లో గరిటె కిందపడింది. భార్య గుమ్మంలోకి వచ్చి నిలబడింది, మొహంలో నెత్తురు చుక్క లేదు.

"దారం తెగిందే," అన్నాడు. "దారమే."

ఆవిడ గుమ్మానికి చేరగిలబడి భోరున ఏడ్చింది. ఆయన సూదిలో దారం ఎక్కించబోయాడు, రెండుసార్లూ గురి తప్పింది. ఆవిడే కళ్లు తుడుచుకుని వచ్చి ఎక్కించింది, పక్కనే స్టూలు లాక్కుని కూర్చుంది.

"తొక్కండి," అంది. "వింటాను."