దొరసాని, బుడ్డోడు, నా ఐదడుగుల తొమ్మిదంగుళాలు

ఆ రోజుల్లో నా కోపం పొడవు ఐదడుగుల తొమ్మిదంగుళాలు. నా పొడవూ అంతే కాబట్టి లోపల ఇంకో భావానికి చోటుండేది కాదు. డిగ్రీ అయిన ఏడాది చేవెళ్ళ వైపు నుంచి మూడు సంబంధాలు వచ్చి, "పిల్ల మంచిగున్నది గని, పిలగానికంటె పొడుగున్నది" అని చాయ్ తాగి వెళ్ళిపోయాయి. (బిస్కట్లు కూడా తిన్నారు. నా పొడవు బిస్కట్లు అయిపోయాకే కనబడింది కాబోలు.) నాలుగోది వచ్చేలోగా ఏదైనా పని పట్టుకోవాలని, మొయినాబాద్‌లో మా పెదబాపు గులాబీ తోట పక్కన ఖాళీగా ఉన్న షెడ్డు అడిగి సముద్రపు చేపలు పెంచసాగాను. సంచుల్లో వచ్చే ఉప్పు నీళ్ళలో కలిపితే సముద్రం తయారు. మా అవ్వ (పెదబాపు తల్లి) ఒక చుక్క నాలుకకు రాసుకుని, "పప్పుల ఉప్పెక్కువైనట్టున్నది" అని తేల్చేసింది.

పెదబాపు షరతు ఒక్కటే. "జన్వాడ ఫామ్‌హౌసోళ్ళు గుడ్లు పెట్టే జత అడుగుతున్నరు. దసరా దాక ఒక్క జత కుదిరిస్తే షెడ్డు నీది. లేకుంటె గులాబీ మొక్కలు పెడత, నువ్వు ఇంట్ల కూసొని సంబంధాలు చూస్కో."

నారింజ రంగు మీద తెల్ల చారలుండే క్లౌన్ చేపలన్నీ మగవిగానే పుడతాయి. రెండింటిని కలిపి ఉంచితే, పెత్తనం చేసే పెద్దది ఆడదవుతుంది; చిన్నది మగదిగా ఉండిపోతుంది. ఒకసారి ఆడదైతే మళ్ళీ వెనక్కి రాదు. ఇదంతా చదివి, తొట్టిలో అన్నిటికంటే పెద్దదాన్ని (పేరు దొరసాని), అన్నిటికంటే చిన్నదాన్ని (బుడ్డోడు) ఎంచి పెట్టుకున్నాను. కానీ మండలంలో సగం పెళ్ళిళ్ళు కుదిర్చిన పెదబాపు ఊరుకుంటాడా?

"మొగోడు చిన్నగుంటె ఏం మర్యాద?"

"వీటిల్ల గంతే పెదబాపు. ఆడదే పెద్దగుంటది."

"నువ్వు పొడుగున్నవని చేపల మీద పెడుతున్నవా?"

ఇంతకంటే అవమానం ఉంటుందా? చేపల సంగతి చేపలది కదా! నా మొహం చూసి ఆయన పంచాయితీ ధోరణిలో దిగొచ్చాడు. "సరే, నీ మాట వద్దు, నా మాట వద్దు. రెండు సమానంగ పెడదాం. ఎవ్వలకు ఫిర్యాదుండది." గట్టు తగాదాలన్నీ ఆయన అలాగే తెంపేవాడు. ఇంకో తొట్టిలోంచి దొరసాని అంతే ఉన్న చేపను తెచ్చి ఆమె పక్కన తనే వదిలాడు. రెండూ అప్పటికే పెత్తనం రుచి మరిగిన ఆడవాళ్ళు. పావుగంటలో రెక్కలు పీలికలు. పెదబాపు అద్దం మీద తట్టి, "ఆగుండ్రి, కూసొని మాట్లాడుకుందాం" అన్నాడు. అవి కూర్చోలేదు. నేను చిన్న వలతో రెండోదాన్ని లాగి వేరే తొట్టిలో వేశాక ఆయన నిట్టూర్చాడు: "నీ చెయ్యి మంచిది కాదు బిడ్డా."

నా చెయ్యి!

ఆ కోపంలో ఎవరినీ అడగకుండా బుడ్డోణ్ణి చిల్లుల డబ్బాలో పెట్టి దొరసాని తొట్టిలో దించాను. వారం రోజులు ఒకరినొకరు చూసుకున్నారు. (అక్కడ చాయ్, బిస్కట్లు లేవు.) తర్వాత మూత తీశాను. బుడ్డోడు ఆమె ముందుకెళ్ళి పక్కకు ఒరిగి వణకడం మొదలుపెట్టాడు. అదే మంచి గుర్తు, నువ్వే పెద్ద అని ఒప్పుకోవడం. పెదబాపు మాత్రం అదిరిపడ్డాడు.

"అయ్యో, ఫిట్సొచ్చినయ్! దవాఖానకు తీస్కపోవాలె!"

పక్కనే కూర్చున్న అవ్వ కళ్ళద్దాలు సరిచేసుకుని, "ఫిట్సు గాదు కొడకా. ఆలస్యంగ ఇంటికొస్తె మీ బాపు నా ముందట గిట్లనే నిలబడుతుండె" అంది. పెదబాపు ఆ రోజంతా గులాబీ తోటలోనే ఉన్నాడు.

దసరా ఇంకా పన్నెండు రోజులుందనగా, మట్టికుండ పెంకు మీద నారింజ రంగు గుడ్లు కనిపించాయి. బుడ్డోడు వాటికి రెక్కలతో విసురుతున్నాడు. దొరసాని దూరం నుంచి పర్యవేక్షిస్తోంది. సాయంత్రానికి మొయినాబాద్ చౌరస్తా అంతా ఒకటే వార్త: పెదబాపు కుదిర్చిన సంబంధం కలిసొచ్చింది! నేను నోరు తెరిచేలోపు ఆయన నన్ను తొట్టి పక్కకు లాగి, ఫోటో తియ్యమని ఫోను అవ్వ చేతికిచ్చాడు. ఆయన నా చెవి దాకా వస్తాడు. అలవాటు ప్రకారం నేను మోకాళ్ళు కొంచెం వంచాను. (మూడు సంబంధాల శిక్షణ.)

"ఎందుకు వంగుతున్నవ్? షెడ్డు నీది. సీదా నిలబడు."

ఆ ఫోటో ఇప్పటికీ షెడ్డు గోడ మీద ఉంది. అందులో చేపలున్నాయి, పెదబాపు మీసం మీద గర్వం ఉంది, నిటారుగా నిలబడ్డ నేనున్నాను, కనుబొమ్మల దాకా. పై భాగం ఏదని ఆ రోజు అవ్వ మీద అరిచాను. "ఫోన్ల పట్టలే బిడ్డా, నేనేం చెయ్యాలె?" అంది. ఇప్పుడు ఉప్పు సంచులు విప్పుతూ తలెత్తినప్పుడల్లా, ఫ్రేములో పట్టని ఆ పిల్లని చూసి నవ్వొస్తుంది. ఎంత కోపంగా నిలబడిందో, ఎంత సీదాగా!